అంబాసిడరు కారు: వైభవము, క్షయము

చరిత్రను గూర్చిన ప్రసంగమనగానే శాసనములు, కోటలు, రాజవంశములు మనకు జ్ఞప్తికి వచ్చును. ఈ సాయంకాలము నేనొక మోటారు కారు చరిత్రను వినిపింతునన్నచో పెద్దలు కొందరు నవ్వుకొనవచ్చును. అయినను ఒక వస్తువు అరువది యేండ్లకు దగ్గరగా ఈ దేశపు బాటలమీద తిరిగి, పెండ్లికొడుకులను, కలెక్టర్లను, ఓట్లడుగ వచ్చిన నాయకులను మోసి, అర్ధరాత్రివేళ పురిటినొప్పులు పడు తల్లులను ఆసుపత్రులకు చేర్చి, కడకు కనుమరుగైనచో, దానికిని ఒక చరిత్ర యున్నదని మీరు ఒప్పుకొందురు. ఆ కారు పేరు అంబాసిడరు. దానిని నిర్మించినవారు హిందుస్థాన్ మోటార్స్ కంపెనీవారు. అందరి మన్నన పొందిన ఆ కంపెనీ ఎట్లు క్షీణించెను, ఆ క్షీణతను చూచి దాని నభిమానించినవారు ఏల మనస్తాపము చెందిరి, అనునదే నేటి నా ప్రసంగవిషయము.

నాకు కార్లనిన బాల్యమునుండియు మోజు మెండు. మా యూరికి మొట్టమొదట వచ్చిన అంబాసిడరు మా మేనమామగారిది. తెల్లని రంగు, గుండ్రని వీపు, ముందు రెండు పెద్ద దీపములు. అది చెరువుగట్టు మలుపు తిరుగుచున్నదని తెలిసినంతనే బడి పిల్లలమందరము బయటికి ఉరుకువారము. మామయ్యగారి డ్రైవరు పెద్దవాడు, నిదానస్థుడు. ప్రతిదినము తెల్లవారుజామున అతడు బానెట్టు ఎత్తి నీళ్లు చూచి, నూనె చూచి, ఇంజను కదిలించి, పిమ్మట పది నిమిషములు ఏమియు చేయక దాని ప్రక్కన తల వంచి నిలుచుండెడివాడు. ఏమి చేయుచున్నావని నేనొకనాడు అడిగితిని. "ఎద్దు నోరు తెరిచి చెప్పలేదు, బండీ చెప్పలేదు, చిన్నబాబూ. పొద్దున్నే మనమే చెవి ఒగ్గి వినాలి" అని అతడు బదులు చెప్పెను. ఆ మాట నేటికిని నా చెవిలో నున్నది. ఈ కథ చివర దానితో మరల మనకు పని కలదు.

ఇక కంపెనీ పుట్టుకను గూర్చి చెప్పెదను. రెండవ ప్రపంచయుద్ధము జరుగుచుండగా, 1942లో, బిర్లా కుటుంబమునకు చెందిన బి.ఎం. బిర్లాగారు గుజరాతు తీరమునందలి ఓఖా రేవులో హిందుస్థాన్ మోటార్స్‌ను నెలకొల్పిరి. అప్పటికి మన దేశములో విదేశపు కంపెనీలు విడిభాగములను ఓడలలో తెచ్చి, ఇచట బిగించి అమ్ముచుండెడివి. బిగించుట వేరు, నిర్మించుట వేరు. ఇనుము కరిగించుట మొదలుకొని కారు మొత్తమును ఇచటనే చేయవలెనను సంకల్పము ఆనాటికి సాహసమే. స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి యేడు, 1948లో, కంపెనీవారు తమ కర్మాగారమును బెంగాలులోని హుగ్లీ జిల్లా ఉత్తరపాడాకు మార్చిరి. అచట పోతపని, దిమ్మెసపని, రేకు ఒత్తుడు, ఇంజను తయారీ అన్నియు ఒకేచోట నడుచు గొప్ప కర్మాగారము వెలసెను. దాని చుట్టును ఊరు వెలసెను. ఆ యూరికి రైలు స్టేషను వచ్చెను. స్టేషనుకు పేరు హిందుమోటర్. గ్రామదేవత పేర ఊరు వెలయుట మనమెరుగుదుము గాని, కారు కంపెనీ పేర స్టేషను వెలయుట అరుదు.

కారు రూపము మాత్రము మనది కాదు. ఇంగ్లండులోని మారిస్ కంపెనీతో ఒడంబడిక చేసికొని, వారి నమూనాలను హిందుస్థాన్ మోటార్స్‌వారు ఇచట నిర్మించుచుండిరి. హిందుస్థాన్ 10 అట్టిదే, ల్యాండ్‌మాస్టరు అట్టిదే. 1957-58 ప్రాంతమున మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారును అంబాసిడరను పేర విడుదల చేసిరి. ఇచట మీరొక సంగతిని గమనింపవలెను. ఆ మూడవ శ్రేణిని ఇంగ్లండులో 1956 నుండి 1959 వరకు మాత్రమే నిర్మించిరి. పిమ్మట దానిని విడిచి మరియొక రూపమునకు మారిరి. పుట్టినింట మూడేండ్లు, మెట్టినింట ఏబదియేడేండ్లు! ఆ కారు జాతకము అట్టిది.

అది మంచి కారు కాదని చెప్పుటకు నాకు నోరు రాదు. మన బాటలకు తగిన కారది. నేలకును అడుగుభాగమునకును చాలినంత ఎడముండుటచేత బండిజాడలలో, గోతులలో పొట్ట రాచుకొనక నడచెడిది. ముందు సీటు ఒకే పొడవైన బల్ల. గేరు కొయ్య స్టీరింగు ప్రక్కన నుండుటచేత డ్రైవరు ప్రక్కన ఇద్దరు సుఖముగా కూర్చుండవచ్చును. వెనుక నలుగురు. పిల్లలకు లెక్క లేదు. తిరుపతి యాత్రకు ఒక కుటుంబము, రెండు ట్రంకుపెట్టెలు, పులిహోర డబ్బా, బామ్మగారి మడిసంచి అన్నియు దానిలో ఇమిడెడివి. డిక్కీలో ధాన్యపు బస్తాలు వేసికొని పోయినవారిని నేనెరుగుదును. చెడినను బాగుచేయుట సులభము. బెజవాడ ఆటోనగరులోనే కాదు, తాలూకా కేంద్రములలో చింతచెట్టు క్రింద పనిచేయు మేస్త్రీలకును దాని యంతరంగము తెలియును. ఏ దుకాణములోనైనను విడిభాగము దొరకెడిది. ధనికుని కారును పేదవాడు బాగుచేయగల స్థితి యున్నచో ఆ కారు దేశమునకు చెందినదగును. ఈ కారణముచేతనే జనులు దానిని అభిమానించిరి.

అయినచో అంతటి కారు ఏల చెడెను? దీనికి ఉత్తరము చెప్పుటకు ముందు ఆనాటి రాజ్యవిధానమును కొంత తెలిసికొనవలెను. స్వాతంత్ర్యానంతరము మన ప్రభుత్వము, దేశములో నిర్మించు సంకల్పములేని కంపెనీలు ఇచట విడిభాగములు బిగించి అమ్ముట తగదని నిర్ణయించెను. తత్ఫలితముగా ఫోర్డు, జనరల్ మోటార్స్ అను అమెరికా కంపెనీలు 1954 నాటికి ఇచటి పనిని చాలించుకొని పోయినవి. కార్లు నిర్మించువారు ముఖ్యముగా మూడు సంస్థలవారు మిగిలిరి: ఉత్తరపాడాలో హిందుస్థాన్, బొంబాయిలో ఫియట్ కారును చేయు ప్రీమియర్, మదరాసులో స్టాండర్డు. దేశీయ పరిశ్రమ ఎదుగుటకు కంచె వేయుట తప్పుగాదు. లేత నారుకు కంచె వేయనిచో పశువులు మేసిపోవును. కాని కంచెతోపాటు కట్టడులును వచ్చినవి. కర్మాగారమును పెంచవలెనన్న ప్రభుత్వపు అనుమతి కావలెను. విదేశమునుండి యంత్రము తెప్పించుకొనవలెనన్న అనుమతి కావలెను. విదేశమారకము దొరకుట గగనము. కారు విలాసవస్తువని, ముందు ట్రాక్టర్లు, లారీలు కావలెనని ప్రణాళికలు వ్రాసినవారు తలంచిరి. వారి తలంపులో న్యాయము లేకపోలేదు. 1969లో ప్రభుత్వము కార్ల ధరలనుగూడ శాసనముచే నియమించెను. ధర పెంచరాదు, ఉత్పత్తి పెంచరాదు అన్నప్పుడు క్రొత్త నమూనాకు పెట్టుబడి ఎచటినుండి వచ్చును? ఈ సంగతిని మరచి కంపెనీనొక్కదానినే నిందించుట ధర్మముగాదు.

అయినను దీనికి రెండవ ప్రక్కయు కలదు. కార్లు తక్కువ, కొనువారు ఎక్కువ. ముందుగా సొమ్ము చెల్లించి జనులు యేండ్ల తరబడి ఎదురుచూచుచుండిరి. క్రొత్త కారు ధరకంటె ఒకటి రెండేండ్లు తిరిగిన కారుధరయే హెచ్చుగా పలికిన దినములు మీలో కొందరికి జ్ఞాపకముండవచ్చును. ఇట్టి బజారులో అమ్మువానికి కొనువాని మాట వినవలసిన అవసరము కలుగదు. తలుపు బిగువుగా లేకున్నను, వానకు నీరు కారినను, స్టీరింగు త్రిప్పుటకు భుజములు నొచ్చినను, ఆ కారునే కొనవలెను. వేరు గతి లేదు. 1960వ దశకపు తొలినాళ్లలో మార్క్ 2 వచ్చెను. 1975లో మార్క్ 3 వచ్చెను. ఆ దశకము చివర మార్క్ 4 వచ్చెను. ప్రతి పర్యాయము ముందరి జాలీ మారెను, దీపముల యమరిక మారెను, లోపలి పలక మారెను. ఒడలు మాత్రము ఆ 1956 నాటి మారిస్ ఒడలే. ముసలి ఎద్దుకు కొమ్ములకు రంగు పూసి సంతకు తోలినట్లయినది.

ఇక మీకు మరియొక దేశపు కథను చెప్పెదను. మన కథ దానితో పోల్చి చూచిననే స్పష్టపడును. జపానులో నేతమగ్గముల యంత్రములు చేయు టొయొడా కుటుంబమువారు 1937లో టొయొటా మోటారు కంపెనీని స్థాపించిరి. అనగా మన హిందుస్థాన్ మోటార్స్‌కంటె అది అయిదేండ్లు మాత్రమే పెద్దది. యుద్ధములో దేశము నాశనమయ్యెను. 1950లో ఆ కంపెనీ దివాలా అంచునకు వచ్చెను. పనివారిని తొలగించిరి, సమ్మె జరిగెను, స్థాపకుడగు కీచిరో టొయొడా అధ్యక్షపదవిని విడువవలసి వచ్చెను. అట్టి సంస్థ 1957లో, ఇచట అంబాసిడరు ప్రవేశించుచున్న కాలముననే, తన టొయొపెట్ క్రౌన్ అను కారును అమెరికాకు పంపెను. ఫలితమేమి? పరాభవము. జపానులోని ఇరుకు బాటలకు చేసిన ఆ కారు అమెరికా రాజమార్గములమీద వేగమునందుకొనలేకపోయెను. 1960 చివర దానిని అచటికి పంపుటయే మానుకొనిరి. కాని వారు ఊరకుండలేదు. తాము ఎచట ఓడితిమో పరిశీలించి, లోపములను ఒక్కొక్కటిగా సవరించుకొని, 1965లో కొరోనా అను కారుతో మరల అచటికి పోయిరి. ఈ మారు నిలిచిరి. పిమ్మటి కథ లోకవిదితము.

మన కంపెనీకి అట్టి ఓటమి ఆ సమయమున కలుగలేదు. అదియే దాని దురదృష్టమని నా యభిప్రాయము. కుస్తీ గోదాలో ఏనాడును దిగని పహిల్వానునకు తన బలమెంతయో, తన లోపమెచటనో తెలియదు. పాలు త్రాగుచు, జనుల జేజేలు వినుచు నుండును. ఇంటి ముందర బారులు తీరియున్న కొనుగోలుదారులను చూచి, వారు కారును మెచ్చి వచ్చినవారని కంపెనీ తలంచి యుండవచ్చును. వారిలో సగము మంది వేరు దారి లేక వచ్చినవారు. ఈ రెంటికి గల భేదము మంచి దినములలో కానరాదు.

ఆ భేదము బయటపడిన దినము 1983 డిసెంబరు 14. ఆనాడు ప్రధానమంత్రి ఇందిరాగాంధీగారు మొదటి మారుతి 800 కారు తాళపుచెవులను కొనుగోలుదారుని చేతికిచ్చిరి. ప్రభుత్వసంస్థయగు మారుతి ఉద్యోగ్, జపానులోని సుజుకి కంపెనీతో కలసి గుర్గావులో దానిని నిర్మించెను. అది చిన్న కారు. ఇంజను 796 సి.సి. మాత్రమే, అంబాసిడరు ఇంజను 1,489 సి.సి. ధర సుమారు ఏబది వేలు. పెద్దలు దానిని చూచి అగ్గిపెట్టె యని నవ్విరి. మా మామయ్యగారును నవ్విరి. కాని తాళపుచెవి త్రిప్పినంతనే అది కదలెను. స్టీరింగు ఆడుపిల్ల చేతికిని లొంగెను. కొంచెము పెట్రోలుతో చాలదూరము పోయెను. ఇరువది యేండ్లుగా కారనిన ఇట్లే యుండునని నమ్మినవారు, మరియొక విధముగా నుండుట సాధ్యమని ఒక్క దినములో తెలిసికొనిరి. కొన్ని యేండ్లలోనే దేశములో అమ్ముడగు కార్లలో సగమునకు పైగా మారుతివే యయ్యెను.

ఇచటినుండి మా వంటి అభిమానుల మనస్తాపము ఆరంభమగును. కంపెనీ మేలుకొననే లేదా? మేలుకొనెను. 1984లో కాంటెస్సా అను పెద్ద కారును తెచ్చెను. ఇంగ్లండులోని వాక్సాలు కారు దానికి మూలము. చూచుటకు ముచ్చటైనది, కూర్చుండుటకు సుఖమైనది. కాని దానిలో పెట్టినది ఆ పాత 1,489 సి.సి. ఇంజనే. క్రొత్త రథమునకు పాత ఎద్దును కట్టినట్లు అది బరువును ఈడ్వలేక ఆయాసపడెను. పిమ్మట జపానులోని ఇసుజు కంపెనీవారి ఇంజను దానిలో పెట్టినప్పుడు, అదే బండి లేడివలె దుమికెను. అదే ఇంజనును, అయిదు గేర్ల పెట్టెను 1990వ దశకపు తొలి యేండ్లలో అంబాసిడరునకును అమర్చిరి. మధ్యప్రదేశములోని పీతంపురములో అందుకు కర్మాగారమును పెట్టిరి. ఆ ఇంజనుతో నడచిన అంబాసిడరును నడపినవారికి అది అదే కారని నమ్మశక్యము కాలేదు. అభిమానులను బాధించిన సంగతి ఇదియే. చేతగానివాడు చేయకున్నచో జాలిపడి ఊరకుందుము. చేతనైనవాడు, ఆలస్యముగానైనను ఒకసారి చేసి చూపినవాడు, ఆ పనిని తుదివరకు సాగింపక విడిచినచో గుండె మండును. మంచి ఇంజను వచ్చెను గాని, దానికి తగిన నూతన శరీరము రాలేదు. తలుపులు, బిగింపులు, రంగు, తుప్పు అన్నిటను పాత ఫిర్యాదులే మిగిలెను.

1991లో ఆర్థికవిధానము మారెను. 1993లో కార్ల నిర్మాణమునకు లైసెన్సు అవసరము తొలగెను. కొరియా, అమెరికా, జపాను కంపెనీలు వరుసగా దిగెను. మన హిందుస్థాన్ మోటార్స్‌వారు 1998లో జపానులోని మిత్సుబిషి కంపెనీతో కలసి మదరాసు సమీపమున తిరువళ్లూరులో ల్యాన్సరు కారును నిర్మింపసాగిరి. అది మంచి కారే. కాని ఉత్తరపాడా స్థితి దానిచే బాగుపడలేదు. సర్కారు కార్యాలయములు, టాక్సీలు మాత్రము అంబాసిడరును పోషించినవి. తెల్లని అంబాసిడరు, పైన ఎఱ్ఱని దీపము: ఈ రూపమే ఆనాడు మన జనులకు ప్రభుత్వమునకు గుర్తు. కలకత్తాలో పసుపుపచ్చని టాక్సీలు ఒకప్పుడు అవియే. ఆ పోషణ మేలు చేసెనా, కీడు చేసెనా? రెండును చేసెననవలెను. గిట్టుబాటు లేని పొలమును అమ్మకుండ ఆపు చిన్న చేబదులువలె, ఆ పోషణ కంపెనీని బ్రతికించెను. మారవలసిన తొందరను మాత్రము చంపెను. తుదకు సర్కారువారును ఒకరొకరుగా వేరు కార్లకు మారిరి.

అంకెలు చెప్పిన కథ మీకు స్పష్టపడును. 1980వ దశకపు నడుమ కంపెనీ యేటికి 24 వేలకు పైగా అంబాసిడర్లను అమ్మెను. 2013-14లో అమ్మినవి సుమారు 2,200. పదింట ఒక వంతైనను లేదు. 2010 ఏప్రిలునుండి హైదరాబాదుతో సహా 13 నగరములలో పొగను గూర్చిన కఠిననియమములు అమలులోనికి వచ్చినవి. పాత డీసెలు ఇంజను ఆ నియమములకు నిలువలేకపోయెను. నియమములకు లోబడిన ఎంకోర్ అను అంబాసిడరు 2013లో గాని రాలేదు. చిత్రమేమనిన, ఆ యేడే ఇంగ్లండులోని బి.బి.సి.వారి టాప్ గేర్ కార్యక్రమమువారు ప్రపంచపు టాక్సీలన్నిటిలో అంబాసిడరే మేటియని తీర్పు చెప్పిరి. లోకము పూలదండ వేయునప్పటికి రోగి మంచము దిగలేని స్థితిలో నుండెను. 2014 మే 24వ తేదీన ఉత్తరపాడా కర్మాగారము ద్వారమునకు పని నిలుపుదల ప్రకటనను అంటించిరి. ఉత్పత్తి తక్కువ, క్రమశిక్షణ లోపము, సొమ్ములేమి, కారునకు గిరాకీ లేమి, అప్పుల భారము: ఇవి కంపెనీవారు చూపిన కారణములు. సుమారు రెండున్నర వేలమంది పనివారు ఆ ఉదయము గేటుబయట నిలిచిపోయిరి. 2017 ఫిబ్రవరిలో అంబాసిడరను పేరును ఫ్రాన్సు దేశపు ప్యూజో కంపెనీకి 80 కోట్ల రూపాయలకు అమ్మిరి. కారు పోయిన పిమ్మట పేరునకు మిగిలిన వెల అది.

కొన్నియేండ్ల క్రిందట నేను కలకత్తా వెళ్లినప్పుడు హౌరానుండి లోకలు రైలెక్కి హిందుమోటర్ స్టేషనులో దిగితిని. ప్లాటుఫారముమీద పేరు పలక చెక్కుచెదరక యున్నది. టీకొట్టు వృద్ధుడొకడు నేను తెలుగువాడనని తెలిసికొని, వచ్చీరాని హిందీలో, ఒకప్పుడు సైరను మ్రోగగానే ఈ బాటలో నడుచుటకు చోటుండెడిది కాదని చెప్పెను. ఆ బాటలో నేనొక్కడనే నడచి పోయి, గోడను చూచి మరలి వచ్చితిని. కార్ల పిచ్చివానికి కలిగిన దుఃఖము చిన్నది. ఆ టీకొట్టు వానికి, సైరను వినుటకు అలవాటుపడిన ఆ యిండ్లకు కలిగిన నష్టము దాని ముందర ఎంతో పెద్దది.

నావంటివారము కొందరము ఆదివారములందు ఒక షెడ్డులో చేరి పాత కార్లను బాగుచేయుచు వాదులాడుకొందుము. ప్రభుత్వపు కట్టడులే చంపినవని ఒకరు. యాజమాన్యపు అలసత్వమని ఒకరు. కర్మాగారములోని తగవులని మరియొకరు. ఒక్కొక్కరి మాటలో ఒక్కొక్క పాలు నిజము. కట్టడులు 1993లో తొలగినవి గనుక, పిమ్మటి ఇరువదియేండ్ల భారమును వాటిమీదనే మోపుట చెల్లదు. అయితే ఒక దినము ఒక మిత్రుడు నన్ను సూటిగా అడిగెను: "ఇంత అభిమానం గదా నీకు, నువ్వు కొన్న మొదటి కారు ఏది?" నేను తల వంచుకొంటిని. 1990వ దశకమున కారు కొను శక్తి నాకు కలిగినప్పుడు, నేను అంబాసిడరును కొనలేదు. పెట్రోలు ఖర్చు లెక్కవేసికొని ఒక చిన్న కారును కొంటిని. మేమందరము అంబాసిడరును పొగడితిమి; సొమ్ము మాత్రము వేరొకరికి చెల్లించితిమి. పొగడ్తను విని కంపెనీ మోసపోయెనా యని ఇప్పుడు తలపోయుదును. మా చేతిలోని సొమ్ము నిజము పలికెను. మా నోరు అబద్ధమాడెను. ఈ దోషములో మా పాలును కలదని ఒప్పుకొనక, కంపెనీని మాత్రమే తిట్టుట పెద్దమనిషి లక్షణము కాదు.

ఈ చరిత్రవలన మన గ్రామములకు కలుగు ప్రయోజనమును గూర్చి ఒక మాట చెప్పి విరమించెదను. మీ యూరిలో మంచి పేరు సంపాదించిన సహకార సంఘముండవచ్చును, పాఠశాల యుండవచ్చును, తాతలనాటి గ్రంథాలయ ముండవచ్చును. దానికి ఎదురులేదని, జనులందరు దానినే ఆశ్రయించుచున్నారని మీరు సంతోషించుచుందురు. వారు మెచ్చి వచ్చుచున్నారా, గతిలేక వచ్చుచున్నారా, యని యేటికొకసారి విచారింపుడు. చెరువు నిండుగా కనబడు వర్షకాలమున పూడిక కనబడదు. నీరు తీసిన వేసవిలోనే దాని లోతు తెలియును. పూడిక తీయుటకు కాలము మాత్రము ఆ వేసవియే. అంబాసిడరునకు అట్టి వేసవి 1983లో వచ్చెను. పార చేతబట్టుటకు జాగు జరిగెను.

మా మామయ్యగారు గతించిరి. ఆ డ్రైవరును గతించెను. ఆ తెల్లని కారు మాత్రము మా మేనబావగారి పాకలో నేటికిని ఉన్నది. ఇటీవల మా యింట పెండ్లికి దానిని బంతిపూలతో అలంకరించి ఊరేగింపునకు తీసితిమి. పడుచువారు దాని ప్రక్కన నిలిచి ఫోటోలు తీయించుకొనిరి. వారికది వింత. నాకు మాత్రము ఆ ఉదయము ఇంజను కదిలించిన పిమ్మట, ఆ ముసలి డ్రైవరువలె తల వంచి పది నిమిషములు నిలుచుండవలెననిపించెను. నిలుచుంటిని. కవాటము ఒకటి కొంచెము వదులైనట్లు టకటక శబ్దము వినవచ్చెను. మేస్త్రీని పిలిపించి, సరిచేయించిన పిమ్మటనే పెండ్లికొడుకును ఎక్కించితిమి.